గడ్డ వరకే కోత

వృషణంలో గట్టిగా గడ్డ తగిలిందంటే, 20వ శతాబ్దంలో చాలాకాలం సర్జన్లకు ఒకటే దారి. గజ్జల్లో కోసి, రక్తనాళాల త్రాడుతో సహా వృషణాన్ని పూర్తిగా తీసేసేవారు. ముందుగా సూదితో ముక్క తీసి చూడడానికీ ఒప్పుకునేవారు కాదు. క్యాన్సర్ కణాలు వృషణాల సంచిలోకి చెదిరిపోతాయని భయం. అది ఉత్త భయం కాదు. ఇప్పటికీ కోత గజ్జల్లోనే పెడతారు.

కానీ, తీశాక అది క్యాన్సర్ కాదని తేలితే?

ఆ ప్రశ్నకు తలుపు తెరిచినవాడు పారిస్ సర్జన్ మారిస్ షెవస్సు. 1906లో వృషణ కణితులపై సిద్ధాంత గ్రంథం రాశాడు. గజ్జల్లోంచి వృషణాన్ని బయటికి తెచ్చి, త్రాడును క్లాంపుతో బిగించి, గడ్డను పరిశీలించాకే నిర్ణయం తీసుకునే పద్ధతికి నేటికీ ఆయన పేరే ఉంది. అయినా రెండో వృషణం ఉందిగా అన్న ధీమా వల్ల కాబోలు, చాలా ఏళ్లు ఎవరూ తొందరపడలేదు.

రెండువైపులా కణితి వచ్చినవారికి ఆ ధీమా లేదు. రెండూ తీసేస్తే పిల్లల ఆశ పోతుంది, జీవితాంతం టెస్టోస్టిరాన్ బయటి నుంచి తీసుకోవాలి. పాతికేళ్ల కుర్రాడికి అది చిన్న నష్టం కాదు. అలాంటి ఒక రోగికి గడ్డ వరకే తీసిన అనుభవాన్ని అమెరికా యూరాలజిస్టు జెరోమ్ రిచీ 1984లో ప్రకటించారు. అసలు ధైర్యం ఇచ్చింది 2001లో జర్మనీ నుంచి హైడెన్‌రైష్ బృందం వెలువరించిన ఫలితాలు. 73 మంది క్యాన్సర్ రోగులు, సగటున 15 మిల్లీమీటర్ల గడ్డలు. ఏడేళ్లు దాటిన పరిశీలనలో 72 మందికి వ్యాధి ఆనవాళ్లు లేవు, ఒకరు మరణించారు. దాదాపు 85 శాతం మందిలో టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది.

అయితే గడ్డ చుట్టూ మిగిలిన కణజాలంలో క్యాన్సర్ మొలకలు దాగి ఉండవచ్చు. వాటిని డెన్మార్క్ వైద్యుడు స్కాకెబెక్ 1972లోనే గుర్తించారు. అందుకే ఆపరేషన్ తర్వాత చాలామందికి రేడియేషన్ ఇస్తారు. దానితో వీర్యకణాల ఉత్పత్తి ఆగిపోతుంది కనుక, పిల్లలు కావాలనుకునేవారికి దాన్ని వాయిదా వేస్తారు.

ఈలోగా అల్ట్రాసౌండ్ కథను ఇంకో మలుపు తిప్పింది. సంతానం కోసం పరీక్షలకు వచ్చినవారిలో చేతికి తగలని చిన్న గడ్డలు బయటపడసాగాయి. వాటిలో చాలావరకు క్యాన్సర్ కావు. లేడిగ్ కణాల కణితులు, ఎపిడెర్మాయిడ్ తిత్తుల వంటివి. 1989లో బక్స్‌పాన్ బృందం ఆపరేషన్ బల్లమీదే స్కాన్ చేసి గడ్డను వెతికింది. 2002లో హాప్స్, గోల్డ్‌స్టీన్ మైక్రోస్కోపునూ జోడించారు. తీసిన ముక్కను అక్కడికక్కడే గడ్డకట్టించి పరీక్షిస్తారు. క్యాన్సరని తేలి, రెండో వృషణం ఆరోగ్యంగా ఉంటే మాత్రం, అదే ఆపరేషన్‌లో మొత్తం తీసేస్తారు. అందుకు రోగి ముందే ఒప్పుకుని సంతకం చేయాలి.