చక్రముల యింటికి దారి

మా కేంద్రమునకు ప్రతిదినము వచ్చు జాబులలో పాటల కోరికలే యెక్కువ. ఈ నడుమ వచ్చిన ఒక జాబు మాత్రము వేరు తరహాది. వ్రాసినవారు ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయులు. వారి కుమార్తెయు, అల్లుడును అమెరికాలో నున్నారు. రాబోవు వేసవిలో తలిదండ్రులను అచ్చటికి పిలిపించుకొని, 30 అడుగుల మోటారు హోము నొకదానిని అద్దెకు తీసికొని, పిల్లలతో కలసి యూటా రాష్ట్రములోని జాతీయోద్యానములు చూపవలెనని వారి సంకల్పమట. వంటగది, పడకలు, స్నానపుగది అన్నియు లోపలనే యుండు బండి అది. చక్రములు గల ఇల్లనవచ్చును. "దారి చూపుటకు చేతిలోని ఫోను చాలునని మా అల్లుడు, అట్టి బండికి వేరే జి.పి.యస్. యంత్రము కొనవలెనని మా అమ్మాయి వాదులాడుకొనుచున్నారు. మీరు చరిత్రలు చెప్పువారు గదా, ఎవరి మాట నిలుచునో చెప్పుడు" అని వారడిగిరి.

అమ్మాయి మాటయే నిలుచును. ఏల నిలుచునో చెప్పుటకు మాత్రము కొంత వెనుకకు పోవలసియున్నది. ముందు మా అనుభవ మొకటి మనవి చేసెదము.

కొన్ని యేండ్ల క్రిందట ఒక జాతరలో పాటలను ధ్వనిముద్రణ చేయుటకు మేము వ్యానులో బయలుదేరితిమి. వ్యానుపైన ఇనుప చట్రమును, దానిపై సామగ్రి పెట్టెలును ఉండెను. ఫోను చెప్పిన మాట నమ్మి డ్రైవరు ఊరి వెలుపల రైలుకట్ట క్రింది దారికి బండిని త్రిప్పెను. ఫోను చెప్పినది తప్పుదారి కాదు. దగ్గరి దారి అదియే. కాని ఆ దారికి ముందు అడ్డముగా బిగించిన ఇనుపకమ్మి మా పెట్టెలను పట్టుకొన్నది. రెండు పెట్టెలు పగిలినవి. ముద్రణ మరునాటికి పోయినది. వెనుక నిలిచిపోయిన ట్రాక్టరువారు మమ్ము గూర్చి పలికిన మాటలు ప్రసారయోగ్యములు కావు. మేమెచ్చట నున్నామో ఆ ఫోనునకు కొద్ది గజముల తేడాలో తెలియును. మా బండి ఎంత ఎత్తో తెలియదు. ఉపాధ్యాయులవారి ప్రశ్నకు సమాధానమంతయు ఈ రెండు వాక్యములలోనే యున్నది.

దారి చెప్పుట యనగా ఎటు తిరుగవలెనో చెప్పుట మాత్రమే కాదని పూర్వులకు తెలియును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమున బయలుదేరి, కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిరి. పల్లకి, బోయీలు, పరివారము, సామానులు గల పెద్ద ప్రయాణము వారిది. వారి కాశీయాత్ర చరిత్ర చదివినవారికి జ్ఞాపకముండును: ఏ దారి రాతిగొట్టు, ఏది యిసుకపర, ఏ యేరు దాటదగినది, ఏ మజిలీలో నీళ్లును వస్తువులును దొరకును అని ఆయన విడువక వ్రాసినారు. ఒంటరి బాటసారికి అవి యన్నియు అక్కరలేకపోవచ్చును. పల్లకి మోయువారికి కావలెను. మోయబడువాని బరువు దారి వర్ణనలోనికి వచ్చినదన్నమాట.

ఇంగ్లండులో ఇంతకు పూర్వమే జాన్ ఓగిల్బీ యనునాయన ఇదే పని పటములలో చేసెను. 1675లో ఆయన ప్రకటించిన 'బ్రిటానియా'లో 100 పటములు కలవు. కొలచక్రమును దారి పొడుగున దొర్లించి, దాదాపు 7500 మైళ్లు కొలిపించి, ఒక్కొక్క దారిని కాగితపు చుట్ట విప్పినట్లు సన్నని పట్టీలుగా గీయించెను. ఎక్కవలసిన కొండను నిటారుగను, దిగవలసిన కొండను తలక్రిందులుగను గీయుట ఆయన పద్ధతి. గుఱ్ఱపుబండి తోలువానికి కొండ పేరుకంటె అది ఎక్కుడో దిగుడో తెలియుటయే ముఖ్యము.

మోటారు బండ్లు వచ్చిన పిదప పటమును తిరిగెడి యంత్రముగా చేయు ప్రయత్నములు మొదలైనవి. 1909లో అమెరికాలో 'జోన్సు లైవ్ మ్యాప్' అను సాధనము అమ్మకమునకు వచ్చెను. చూచుటకు గ్రామఫోను రికార్డు వలె నుండు గుండ్రని కాగితపు బిళ్లపై దారి మలుపులు అచ్చువేసి యుండును. బండి చక్రమునకు తగిలించిన తీగ ఆ బిళ్లను త్రిప్పును. ఒక్కొక్క బిళ్ల 100 మైళ్లకు సరిపోవును. 1910లో న్యూయార్కు ప్రదర్శనలో పియర్సు ఆరో కంపెనీవారు పడకయు, చేతులు కడుగుకొను తొట్టియు గల మోటారు బండిని చూపిరి. మోటారు హోముల వంశమునకు దానిని మూలపురుషునిగా చెప్పుదురు. యంత్రమైన పటమును, ఇల్లయిన బండియు ఇట్లు ఇంచుమించు ఒకేసారి పుట్టినవి. చాల కాలము వరకు ఒకదాని మాట మఱియొకదానికి పట్టలేదు.

ఇక ఆకాశమునుండి దారి చూపు కథ. ఇది రేడియో వినువారికి సొంత కథ వంటిది. 1957 అక్టోబరు 4న రష్యావారు స్పుత్నిక్కును పైకి పంపిరి. అమెరికాలో జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో గయర్, వైఫెన్‌బాఖ్ అను యువశాస్త్రజ్ఞు లిద్దరు దాని 'బీప్ బీప్' ధ్వనిని రేడియోలో పట్టి వినుచుండిరి. రైలు దగ్గరకు వచ్చునపుడు దాని కూత హెచ్చు స్థాయిలోను, దాటిపోవునపుడు తగ్గు స్థాయిలోను వినబడుట మన మెఱుగుదుము. స్పుత్నిక్కు సంకేతములోని అట్టి మార్పునుబట్టి దాని కక్ష్యను వారు లెక్కకట్టిరి. 1958లో వారి పైయధికారి మెక్లూరు ప్రశ్నను తిరుగవేసెను. నేలపై మన చోటు తెలిసినప్పుడు ఉపగ్రహము చోటు చెప్పగలిగినచో, ఉపగ్రహము చోటు తెలిసినప్పుడు మన చోటు చెప్పలేమా? ఆ ప్రశ్ననుండియే ట్రాన్సిట్ ఉపగ్రహములు పుట్టినవి. 1964 నాటికి అమెరికా నౌకాదళము వానిని వాడుచుండెను.

1973లో తలపెట్టిన జి.పి.యస్. పద్ధతి వేఱు. దాని మొదటి ఉపగ్రహము 1978 ఫిబ్రవరి 22న పైకి పోయెను. 24 ఉపగ్రహములతో పూర్తిస్థాయి పని 1995లో ప్రకటింపబడెను. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఒక్కొక్క ఉపగ్రహములో పరమాణు గడియారములు కలవు. ప్రతి ఉపగ్రహమును "నేనిచ్చట నున్నాను, ఇప్పుడింత వేళ" అని ఎడతెగక ప్రసారము చేయుచుండును. నాలుగు ఉపగ్రహముల ప్రసారములు వినబడిన చాలును. అవి చేరుటకు పట్టిన కాలములనుబట్టి మన యంత్రము తన చోటును లెక్కించుకొనును. అది వినునే గాని ఉపగ్రహమునకు తిరిగి యేమియు చెప్పదు. కావున, మా పాఠకులు నవ్వుకొనకుందురు గాక, జి.పి.యస్. యంత్రము కూడ ఒక రేడియో సెట్టే. 1983లో దారి తప్పిన కొరియా విమానము కూల్చబడి 269 మంది మరణించిన తరువాత, ఈ వసతిని పౌరులకును ఇత్తుమని అధ్యక్షుడు రీగను ప్రకటించెను. పౌరుల సంకేతములో కావలెనని కలిపిన తప్పును 2000 మే నెలలో తొలగించిరి. అంతవరకు నూఱు మీటర్ల తేడా చూపుచుండిన యంత్రములు రాత్రికి రాత్రి వీధిలో ఏ ప్రక్కన నున్నామో చెప్పసాగెను. మనదేశమును తన సొంత ఉపగ్రహముల వరుసను 2013 జూలై 1న శ్రీహరికోటనుండి ప్రారంభించెను. దాని పేరు నావిక్.

ఇంత గొప్ప యేర్పాటు మా పెట్టెలను ఏల కాపాడలేకపోయినది? ఉపగ్రహమునకు వంతెన సంగతి తెలియదు గనుక. దానికి తెలిసినది కాలమును, తన స్థానమును మాత్రమే. వంతెన క్రింద ఎన్ని అడుగుల ఎన్ని అంగుళముల ఖాళీ యున్నదో ఎవరో ఒకరు అచ్చటికి పోయి కొలిచి, పటములో వ్రాసి యుండవలెను. ఓగిల్బీ కొలచక్రము దొర్లించిన మనిషి నేటికిని అక్కరయే. కారుల కొఱకు చేసిన పటములలో ఆ కొలత లుండవలసిన పని లేదు. అయిదడుగుల కారు ఎచ్చటనైనను దూరును. యంత్రమును కొనుట యనగా వాస్తవముగా ఆ కొలతలను కొనుట.

ఉపాధ్యాయులవారి పిల్లలు చూడదలచిన జయాన్ ఉద్యానములోనే దీనికి మంచి నిదర్శనము కలదు. అచ్చట కొండను తొలిచి 1.1 మైళ్ల పొడవున నిర్మించిన సొరంగము 1930లో తెఱువబడెను. నాటి కారులకు అది రాజమార్గమే. బండ్లు పెరిగినవి, కొండ పెరుగలేదు. పెద్ద బండ్లు ఆ వంపులలో నడిమి గీత దాటక పోజాలవని 1989లో పరీక్షించి తేల్చిరి. అప్పటినుండి 11 అడుగుల 4 అంగుళముల ఎత్తుగాని, 7 అడుగుల 10 అంగుళముల వెడల్పుగాని మించిన వాహనములు రుసుము చెల్లించి, ఎదుటి రాకపోకలను ఉద్యోగులు ఆపగా, సొరంగము నడుమనుండి పోవుచుండెను. 2026 మధ్యనుండి అట్టి వాహనములను ఆ దారిని పోనీయమని అధికారులు ముందుగా ప్రకటించిరి. ఫోనులోని కారుల పటము బ్రైసు ఉద్యానమునుండి జయానుకు ఈ సొరంగముననే పొమ్మనును.

తూర్పున ఉత్తర కరోలినాలోని డర్హాము పట్టణములో ఒక రైలు వంతెన యున్నది. దాని క్రింది ఎత్తు 11 అడుగుల 8 అంగుళములు. ముందుగా హెచ్చరిక పలకలు పెట్టిరి, దీపములు పెట్టిరి. అయినను లారీలును, అద్దె బండ్లును పైకప్పులు ఒలిపించుకొనుచునే యుండెను. 2008నుండి ఎవరో కెమెరా పెట్టి తీసిన ఆ దృశ్యములు లోకమంతయు చూచి నవ్వినది. 2019లో వంతెనను 8 అంగుళములు పైకెత్తిరి. పిదప కూడ తగులుకొనువారు తగులుకొనుచునే యుండిరి. మాకు మాత్రము ఆ దృశ్యములు చూచి నవ్వు రాలేదు. న్యూయార్కు చుట్టుప్రక్కల 1920లలోను 30లలోను విహారమునకై వేసిన పార్కువేలపై పది అడుగులైనను లేని కమాను వంతెనలు సైతము కలవు.

ఇక కొనవలసిన యంత్రము మాట. మొదట చూడవలసినది అది మనలను ఏమి అడుగునన్నది. బండి ఎత్తు, వెడల్పు, పొడవు, బరువు అడిగి, వానినిబట్టి దారిని మార్చునదియే మనకు పనికివచ్చును. వంటగ్యాసు ఉన్నదా యని కూడ అడుగవలెను. బాల్టిమోరు నౌకాశ్రయము క్రింది సొరంగము వంటి చోట్ల ప్రొపేను సిలిండర్లకు ఆంక్ష లున్నవి. గార్మిన్, టామ్‌టామ్ వంటి సంస్థలు ఇట్టివానిని ప్రత్యేకముగా చేయుచున్నవి. లారీల కొఱకు చేసిన యంత్రము చౌకగా దొరికినదని కొనరాదు. బ్లూ రిడ్జి పార్కువే వంటి దారులలో వ్యాపార వాహనములకు నిషేధము, మోటారు హోములకు ప్రవేశము కలదు. లారీ యంత్రము అట్టి చక్కని దారిని చూపకయే పోవచ్చును.

రెండవది, పటము యంత్రము లోపలనే యుండవలెను. ఉద్యానముల లోయలలో ఫోను సంకేతము చాలచోట్ల అందదు. ఉపగ్రహ సంకేతము అందినను చూపుటకు పటము లేకున్న ఫలమేమి? ఆ పటమును ఎప్పటికప్పుడు క్రొత్తది చేసికొను వసతి యుండవలెను. రోడ్డుపై క్రొత్తగా తారు పొర పరచిన, వంతెన క్రింది ఖాళీ ఆ మేరకు తగ్గును. తెర పెద్దదైన మంచిదే, గొంతు స్పష్టమైన మంచిదే. అవి దుకాణములో చూచి తేల్చుకొనవచ్చును.

యంత్రమునకు మనమిచ్చు లెక్క తప్పైనచో దాని నేమియు అనరాదు. 11 అడుగుల 8 అంగుళములను 11.8 అడుగులుగా అచ్చువేసినచో దాదాపు 2 అంగుళముల తేడా వచ్చును; రెండంగుళములే గదా యని వంతెన ఒప్పుకొనదు. బండి పైకప్పు మీది ఏర్ కండిషనరును కలిపి కొలువవలెను. చాల అద్దె పత్రములలో పైకప్పునకు తగిలిన దెబ్బ బీమాలోనికి రాదు. ఆ ఖర్చు బండి తోలినవానిదే. దారి ప్రక్కని పలకకును, యంత్రము మాటకును తేడా వచ్చినచో పలకయే నిజము. బండి ఆపి, దిగి చూచుట సిగ్గుపడవలసిన పని కాదు.

ఈ విషయములనే ఉపాధ్యాయులవారికి జాబుగా వ్రాసితిమి. మొన్న ప్రత్యుత్తరము వచ్చినది. అమ్మాయి సెలవు దినమున అద్దె బండ్ల కొట్టునకు పోయి, నిచ్చెన వేయించి, అదే రకము బండిని టేపుతో కొలిచినదట. వారి కాగితములో 12 అడుగులని యున్నది. టేపులో 12 అడుగుల 5 అంగుళములు వచ్చినది. అల్లుడు మఱి మాటలాడక యంత్రము కొనుటకు ఒప్పుకొన్నాడట. సొరంగపు దారి మానుకొని, కానబు మీదుగా చుట్టు తిరిగి హరికేన్ పట్టణము చేరి, దక్షిణ ద్వారమున జయానులో ప్రవేశింతురట. చుట్టుదారిలో వంట చేసికొనుటకు మంచి చెట్టునీడ దొరకునా యని వారి శ్రీమతిగారి క్రొత్త ప్రశ్న. దానికి మావద్ద సమాధానము లేదు.