సప్పోరోలో శీతాకాలం

సప్పోరో జపాన్ ఉత్తర దీవి హొక్కైడోకు రాజధాని. జనాభా 19 లక్షల పైమాటే. ఏటా దాదాపు 5 మీటర్ల మంచు కురిసే చోట ఇంత పెద్ద నగరం ఉండడం ప్రపంచంలోనే అరుదు. సైబీరియా నుంచి వీచే చలిగాలులు జపాన్ సముద్రం దాటేటప్పుడు తేమను పీల్చుకుని, ఈ తీరం చేరాక మంచుగా కురిపిస్తాయి. జనవరిలో సగటు ఉష్ణోగ్రత సున్నాకు సుమారు 3 డిగ్రీలు దిగువన ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరడం మేలు.

యాత్రికులు ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి మొదట్లో, మంచు పండుగకు. 1950లో స్థానిక హైస్కూలు పిల్లలు ఒదోరి పార్కులో ఆరు మంచు బొమ్మలు చేశారు. అదే దీనికి నాంది. 1955లో జపాన్ సైన్యమైన ఆత్మరక్షణ దళాలు చేయి కలిపాక బొమ్మలు మేడలంత ఎత్తుకు పెరిగాయి. 1972లో ఆసియాలో తొలి శీతాకాల ఒలింపిక్స్ ఇక్కడే జరగడంతో పండుగ పేరు ప్రపంచానికి తెలిసింది. ఆ వారం బస దొరకడం కష్టం, ముందే చూసుకోవాలి.

పండుగ కన్నా చూడదగ్గది, ఈ నగరం మంచుతో కాపురం చేసే తీరు. 1971లో మొదలైన మెట్రో రబ్బరు చక్రాల మీద నడుస్తుంది. దక్షిణాన అది భూమిపైకి వచ్చే చోట, మంచు పడకుండా దారి పొడవునా గొట్టంలాంటి కప్పు వేశారు. 2011 నుంచి సప్పోరో స్టేషన్‌కూ ఒదోరికీ మధ్య నేల కింద నడకదారి ఉంది. గాలివాన లాంటి మంచు కురిసే రోజున కూడా జనం అందులో తాపీగా నడిచిపోతారు.

పైన వీధిలో మాత్రం జాగ్రత్త. కూడళ్లలో కార్ల చక్రాలు మంచును నున్నగా రుద్ది అద్దంలా చేస్తాయి. అందుకే అక్కడ పెట్టెల్లో గరుకు రాతిపొడి ఉంచుతారు. జారుతుందనిపిస్తే ఎవరైనా ఆ పొడి తీసి ముందు చల్లుకుంటూ దాటవచ్చు, వెనక వచ్చేవాళ్లకూ అది ఆసరా. పాదం మొత్తం నేలకు ఆనేలా చిన్న అడుగులు వేయాలి. బూట్లకు తగిలించుకునే ముళ్ల పట్టీలు దుకాణాల్లో దొరుకుతాయి.

చలికి తగిన తిండి మిసో రామెన్ అనే నూడుల్స్ సూప్, సూప్ కర్రీ. రెండోది ఈ ఊళ్లోనే పుట్టింది: మన పులుసులా పల్చటి మసాలా రసం, అందులో కోడికాలు, పెద్ద ముక్కలుగా కూరగాయలు, అన్నం వేరే పళ్లెంలో. చెంచాతో అన్నం తీసి రసంలో ముంచుకుని తినడం అక్కడి అలవాటు. ఒంటికి వేడి కావాలంటే నగర పరిధిలోనే ఉన్న జోజాంకేయి వేడినీటి బుగ్గలకు బస్సులో గంట ప్రయాణం. అక్కడ ఆరుబయట తొట్టెల్లో మెడ దాకా వేడినీళ్లలో కూర్చుంటే, నెత్తిన మంచు పడుతూ ఉంటుంది.