అక్కి: వెన్నులో నిద్రపోయే ఆటలమ్మ

మా పెదనాన్నకు నడుం కుడిపక్కన నిప్పుకణికలు పెట్టినట్టు మంట మొదలైంది. రెండు రోజులు గడిచాక ఎర్రటి దద్దు మీద నీటిపొక్కులు గుత్తులు గుత్తులుగా లేచాయి. చూడగానే నాయనమ్మ "అక్కి లేచిందిరా, కుమ్మరాయన్ని పిలవండి" అంది. ఆయన వచ్చి చిప్పలో జాజు కలిపి, పుల్లకు దూది చుట్టి, పొక్కుల మీద సింహం బొమ్మ గీశాడు. దీన్నే మా ఊళ్లో అక్కి రాయడం అంటారు. ఆ తడిమన్ను చల్లదనానికి పెదనాన్న కళ్లు మూసుకుని "అబ్బా, హాయిగా ఉంది" అనడం నాకింకా గుర్తు. మూడు వారాలకు పొక్కులు మాడి చెక్కులు రాలిపోయాయి. అంతా కుమ్మరాయన హస్తవాసి అనుకున్నాం. ఆ పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే మాడతాయని మాకు తెలియదు. మంట మాత్రం పెదనాన్నను మూడేళ్లు వదల్లేదు. ఒంటికి చొక్కా తగిలినా ఉలిక్కిపడేవాడు.

ఈ జబ్బుకు సర్పి అనే పేరు కూడా ఉంది. పాకడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి సర్పం వచ్చింది, సర్పి వచ్చింది. డాక్టర్లు చీటీలో రాసే 'హెర్పిస్ జోస్టర్'లోని హెర్పిస్ కూడా పాకడం అనే అర్థమున్న గ్రీకు మాటే. భాషాశాస్త్రం ప్రకారం ఈ రెండింటి మూలం ఒకటే! జోస్టర్ అంటే గ్రీకు యోధుడు నడుముకు కట్టే పటకా. ఇంగ్లీషు వాళ్ల 'షింగిల్స్' కూడా లాటిన్‌లో మొలకట్టు అనే మాట నుంచి పుట్టిందే. అరబ్బులు అగ్నిపటకా అంటారు, నార్వే వాళ్లు నరకాగ్ని అంటారు. ఈ పేర్లలో దేన్ని చూసినా పాకడం, చుట్టడం, కాలడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

పాములా పాకే ఈ అక్కి నడుమంతా చుట్టి తల తోకను కలిస్తే మనిషి దక్కడని ఊళ్లలో ఓ భయం ఉండేది. సాధారణంగా అది జరగదు. ఎందుకో తెలియడానికి వైద్యులకు చాలా కాలమే పట్టింది. 1831లో లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఇది చర్మంలో కాక నరాల్లో పుట్టే జబ్బేమోనని ఊహించాడు. 1860ల్లో జర్మన్ వైద్యుడు బేరెన్‌స్ప్రుంగ్, అక్కితో ఉండగా చనిపోయిన రోగి శవాన్ని కోసి చూస్తే వెన్నుపూసల పక్కనుండే నరాల ముడి వాచి, దెబ్బతిని కనిపించింది. 1900లో హెన్రీ హెడ్, కాంప్‌బెల్ అనే ఇద్దరు అక్కి పొక్కుల ఆధారంగానే ఒంటి మీద ఏ నరం ఏ పట్టీ చర్మాన్ని ఏలుతుందో పటం గీశారు. ఒక్కో నరం ఒంటికి ఒక పక్కనే పాకి నడిమధ్య గీత దగ్గర ఆగిపోతుంది. అందుకే అక్కి సాధారణంగా ఒక పక్కకే పరిమితమవుతుంది.

మరి నరంలోకి అది ఎలా చేరింది? ఇంట్లో పెద్దవాళ్లకు అక్కి లేచిన కొన్నాళ్లకు అదే ఇంట్లో పసిపిల్లలకు ఆటలమ్మ పోయడం 1888లో హంగరీ వైద్యుడు బోకాయ్ గమనించాడు. రెండింటికీ చుట్టరికం ఉందన్నాడు. 1950ల్లో అమెరికాలో థామస్ వెల్లర్ రెండు జబ్బుల పొక్కుల్లోంచి వైరస్‌ను తీసి పెంచి, రెండూ ఒక్కటేనని తేల్చాడు.

ఈ కథలో నేను అందరికంటే గౌరవించేది ఎడ్గర్ హోప్-సింప్సన్‌ని. ఆయన ఇంగ్లండ్‌లో సైరన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్లో మామూలు కుటుంబ వైద్యుడు. పెద్ద ప్రయోగశాల లేదు. తన దగ్గరికి వచ్చిన ప్రతి అక్కి రోగి వివరాలనూ 1947 నుంచి పదహారేళ్ల పాటు నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. మొత్తం 192 మంది. రాకపోకలు తక్కువగా ఉన్న చోట జబ్బు జాడ తీయడం తేలికని షెట్లాండ్ దీవుల్లోని యెల్ దాకా వెళ్లాడు. 1965లో తన సిద్ధాంతం ప్రకటించాడు: చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ తగ్గినా వైరస్ పోదు. నరాల ముళ్లలో దాక్కుని నిద్రపోతుంది. ఒంట్లో రోగనిరోధక శక్తి దాన్ని అదుపులో పెడుతుంది. వయసు పెరిగి ఆ శక్తి సన్నగిల్లితే లేచి, నరం వెంబడి చర్మం మీదికి పాకుతుంది. 85 ఏళ్లు బతికిన వాళ్లలో సగం మందికి ఒకసారైనా అక్కి లేస్తుందని లెక్క కట్టాడు. నేటికీ నిలిచిన మాట అది. వయసుతో పాటు కేన్సర్ మందులు, స్టెరాయిడ్లు, హెచ్.ఐ.వి. వంటివి కూడా ఆ కాపలాను బలహీనపరుస్తాయి.

అంటే అక్కి ఒకరి నుంచి ఇంకొకరికి అక్కిగా అంటదు. అయితే పొక్కుల నీరు తగిలితే, ఆటలమ్మ రాని వారికి ఆటలమ్మ రావచ్చు. అందుకే పొక్కులు మాడే దాకా గుడ్డ కప్పి ఉంచాలి, గర్భిణులకూ పసిపిల్లలకూ దూరంగా ఉండాలి.

మందు కథకు గెర్ట్రూడ్ ఎలియన్ పేరు చెప్పాలి. డాక్టరేట్ కూడా లేని ఈ అమెరికన్ శాస్త్రవేత్త బృందం ఎసైక్లోవిర్‌ను తయారు చేసింది. 1988లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పొక్కులు లేచిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ గానీ, దీని తర్వాత వచ్చిన వాలాసైక్లోవిర్ గానీ మొదలుపెడితే వైరస్ పెరుగుదల ఆగి, పొక్కులు త్వరగా మానతాయి. మా పెదనాన్న ఆ మూడు రోజులూ జాజు ఆరడం చూస్తూ గడిపాడు. తర్వాత మిగిలిన నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులున్నాయి గానీ పూర్తిగా పోగొట్టేవి కావు. నుదుటి మీద గానీ ముక్కు కొన మీద గానీ పొక్కు లేస్తే కంటికి ప్రమాదం. అప్పుడు ఆ పూటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నివారణకు జపాన్ వాళ్లు దారి చూపారు. ఒసాకాలో మిచియాకి తకహాషి 1974లో ఆటలమ్మ వైరస్‌ను నీరసింపజేసి టీకా చేశాడు. దాన్నే మరింత గాఢంగా చేసిన అక్కి టీకా 2006లో అమెరికాలో వచ్చింది. అది సగం కేసులనే ఆపగలిగింది. 2017లో అక్కడ అనుమతి పొందిన షింగ్రిక్స్ టీకాలో బతికున్న వైరస్ లేదు, దాని ప్రోటీన్ ఒకటి ఉంటుంది. రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు తీసుకోవాలి. పరీక్షల్లో 50 దాటిన వారికి 90 శాతానికి పైగా రక్షణ ఇచ్చింది. 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. ధర మాత్రం సామాన్యుడికి అందనంత ఎక్కువ. ప్రభుత్వం దీన్ని వృద్ధులకు ఉచితంగా ఇచ్చే రోజు రావాలి.

ఇంట్లో 50 దాటిన వాళ్లుంటే ఈ టీకా గురించి డాక్టర్ని అడగండి. ఒంటికి ఒక పక్కనే మంటతో పొక్కులు లేస్తే మూడు రోజులు దాటనివ్వకండి. జాజు రాయించుకోవాలనే పెద్దల మనసు కాదనలేకపోయినా, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి.