గుండెలో చిక్కిన గాలి

తలకు దెబ్బ తగిలి మనిషి మరణించినప్పుడు, కారణం మెదడులోనే ఉండునని తలచడం సహజం. కాని అరుదుగా ఆ కారణం గుండెలో దొరుకుతుంది. గాయం గుండా సిరలలోనికి చొరబడిన గాలి గుండెను చేరి రక్తప్రవాహాన్ని అడ్డగిస్తుంది. దీనిని ఎయిర్ ఎంబాలిజం అంటారు.

సిరలోనికి గాలి ఊదితే జంతువులు చనిపోతాయని 17వ శతాబ్దంలోనే ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్కో రెడీ గమనించాడు. 1818లో పారిస్‌లో బోషేన్ అనే శస్త్రవైద్యుడు భుజం వద్ద కంతిని తొలగిస్తుండగా సిర తెగి, గాలి లోనికి పోవు చప్పుడు వినిపించింది. రోగి కొద్దిసేపటిలోనే మరణించాడు. 1885లో అమెరికా శస్త్రవైద్యుడు నికొలస్ సెన్ ఈ విషయమై జంతువులపై చేసిన ప్రయోగాలను ప్రకటించాడు.

తలగాయంలో ఇది ఎట్లు జరుగుతుంది? మెదడును కప్పియున్న వరాశిక అనే దళసరి పొరలో వెడల్పైన సిరామార్గాలున్నవి. వీటి గోడలు బిగువుగా ఉండుటచే, ఇతర సిరలవలె తెగినప్పుడు ముడుచుకొనిపోవు. తల గుండెకన్న ఎత్తున ఉన్నచో వీటిలోని పీడనం బయటి గాలి పీడనంకన్న తగ్గవచ్చును. అప్పుడు కపాలం పగిలి ఈ మార్గం తెరచుకొంటే, ఊపిరి పీల్చినప్పుడెల్ల గాలి లోనికి లాగబడుతుంది. గుండె కుడిభాగంలో అది రక్తంతో కలసి నురగ అవుతుంది. గుండె సంకోచించినప్పుడు ఆ నురగ అణగి మరల ఉబ్బునే గాని ముందుకు సాగదు. సుమారు 200-300 ఘన సెంటీమీటర్ల గాలి వేగంగా చేరితే పెద్దవారికి సైతం ప్రాణాంతకమే.

ఇక న్యాయవైద్యుని చిక్కు చూడుడు. శవపరీక్షలో కపాలాన్ని తెరచినప్పుడు కూడ సిరలు తెగి గాలి చొరవచ్చును. శవం కుళ్ళినప్పుడు సూక్ష్మజీవులు వాయువులను పుట్టిస్తాయి. చంపిన గాలి ఏది, చనిపోయిన పిదప చేరినది ఏది?

అందుచే ఎయిర్ ఎంబాలిజం జరిగినదను అనుమానమున్నచో, గాయం తలకైనను ముందు ఛాతీని తెరవాలని నియమమేర్పడింది. హృదయావరణాన్ని తెరచి నీటితో నింపి, నీటి అడుగున గుండె కుడి జఠరికను పొడుస్తారు. వాయువున్నచో బుడగలు పైకి వస్తాయి. అయితే అది ఏ వాయువో బుడగలు చెప్పవు. 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో వాయు క్రొమటోగ్రఫీ ఈ కొరత తీర్చింది. బయటి గాలిలో 78 శాతం నత్రజని. కుళ్ళుట వలన పుట్టిన వాయువులలోనైతే హైడ్రోజన్, మీథేన్ వంటివి కనిపిస్తాయి. ఇప్పుడు శవాన్ని కోయకమునుపే సీటీ స్కాన్‌తో లోపలి గాలిని చూడగలుగుతున్నారు.

దెబ్బకును మరణానికిని గల సంబంధాన్ని న్యాయస్థానం ఈ సాక్ష్యంతోనే నిర్ణయించవలసి రావచ్చును. మొదటి కోత తలపై పడినచో ఆ సాక్ష్యం సందేహాస్పదమవుతుంది. దానిని మరల సంపాదించుట సాధ్యం కాదు.