క్రాష్ యుటిలిటీలో మెమొరీ వినియోగపు అంకెల దోషాలు

క్రాష్ యుటిలిటీ అనేది లినక్స్ కెర్నల్‌ను పరిశీలించేందుకు ఉపయోగించే డీబగ్గింగ్ సాధనం. నడుస్తున్న కంప్యూటరు మీద గాని, కెర్నల్ కుప్పకూలినప్పుడు భద్రపరచిన మెమొరీ డంప్ మీద గాని దీనిని ప్రయోగించవచ్చు. రెడ్ హ్యాట్ సంస్థకు చెందిన డేవిడ్ ఆండర్సన్ దీనిని రూపొందించాడు. ఇందులోని ‘కెమెమ్ -ఐ’ అనే ఆదేశం మొత్తం మెమొరీ, ఖాళీ, వాడినది, బఫర్లు, క్యాష్, స్లాబ్, స్వాప్ మొదలైన లెక్కలను పట్టికగా చూపుతుంది. ఈ అంకెలు ఒక్కొక్కప్పుడు వాస్తవానికి భిన్నంగా ఉంటాయి. సర్వరు ఎందుకు ఆగిపోయిందో తేల్చే విచారణలో తరచుగా ఈ పట్టికే మొదటి సాక్ష్యం. తప్పు అంకెను నమ్మితే ఏ పాపమూ ఎరుగని ప్రోగ్రాము మీద నింద పడుతుంది, అసలు లోపం అలాగే మిగిలిపోతుంది.

== అంకెలు పుట్టే విధానం ==

క్రాష్ మెమొరీని స్వయంగా కొలవదు. కెర్నల్ తన అవసరం కోసం రాసుకున్న లెక్కలను వెదకి, పేజీల సంఖ్యను పేజీ పరిమాణంతో హెచ్చించి చూపుతుంది. గిడ్డంగిలోని బస్తాలను లెక్కించకుండా గుమాస్తా ఖాతా పుస్తకాన్ని చదవడం వంటిదన్నమాట. పుస్తకంలో పద్దుల పేర్లు మారితే చదివేవాడు తడబడతాడు.

కెర్నల్‌లో ఈ పద్దులు పలుమార్లు మారాయి. 2006లో వెలువడిన 2.6.18లో ఇవి ‘వీఎం_స్టాట్’ అనే పట్టికలోకి చేరాయి. 2016 నాటి 4.8లో ఆ పట్టిక జోన్లకు ఒకటి, నోడ్లకు ఒకటిగా చీలింది. 2019 నాటి 5.0లో మొత్తం పేజీల చరరాశి పేరుకు ముందు అండర్‌స్కోరు వచ్చి చేరింది. 2020 నాటి 5.9లో స్లాబ్ పద్దుల పేర్ల చివర ‘_బి’ అనే తోక వచ్చింది. పాత పేరు కోసమే వెదికే క్రాష్ కూర్పుకు ఆ పద్దు దొరకదు. అందువల్ల కొత్త కెర్నల్ డంపును పాత క్రాష్‌తో తెరవడం ఈ దోషాలకు ఒక ముఖ్య కారణం. ఒక వరుసలో అకారణంగా సున్న కనిపించినా, యంత్రంలోని మెమొరీకి మించిన అంకె కనిపించినా ముందుగా క్రాష్ కూర్పును అనుమానించాలి.

క్యాష్ వరుసది మరో చిక్కు. అది నేరుగా ఎక్కడా రాసి ఉండదు. ఫైలు పేజీల నుండి స్వాప్ క్యాష్‌ను, బఫర్లను తీసివేయగా వచ్చే శేషం అది. కాబట్టి తీసివేతలో ఏ ఒక్క పద్దు తప్పినా ఫలితం చెడుతుంది.

== దోషం కాని తేడాలు ==

వాడినది అంటే మొత్తంలో నుండి ఖాళీని తీసివేసినది మాత్రమే. అందులో క్యాష్ కూడా కలిసి ఉంటుంది. 90 శాతం కనిపించినంత మాత్రాన మెమొరీ కారిపోతున్నదని అనుకోనక్కరలేదు. అలాగే మొత్తం మెమొరీ, అమర్చిన ర్యామ్ కంటె తక్కువగా ఉండడం సహజం. ఫర్మ్‌వేర్‌కు, కెర్నల్ ప్రతిబింబానికి, డంపు తీసే రెండవ కెర్నల్‌కు కేటాయించిన భాగం లెక్కలోకి రాదు. డంపు ఫైలు పరిమాణానికీ వాడిన మెమొరీకీ సంబంధం లేదు, ఎందుకంటే ‘మేక్‌డంప్‌ఫైల్’ అనవసరమైన పేజీలను వదిలేస్తుంది.

కెర్నల్ లెక్కలే కొంత ఉజ్జాయింపుగా ఉంటాయి. ప్రతి ప్రాసెసరూ తన వద్ద కొన్ని పేజీల తేడాను అట్టిపెట్టుకొని, పరిమితి దాటినప్పుడే ఉమ్మడి ఖాతాకు జమచేస్తుంది. ఈ పరిమితి గరిష్ఠంగా 125 పేజీలు. 64 ప్రాసెసర్లుంటే ఒక్కొక్క జోన్‌కు 8,000 పేజీల వరకు, అంటే 4 కిలోబైట్ల పేజీలతో సుమారు 31 మెగాబైట్ల తేడా రావచ్చు. లెక్క తాత్కాలికంగా రుణ సంఖ్య కావడం కూడా కద్దు. దానిని గుర్తులేని సంఖ్యగా చదివితే విపరీతమైన అంకె వస్తుంది.

== సరిచూసే పద్ధతి ==

కెర్నల్ డీబగ్ సమాచారం డంపుకు సరిగ్గా సరిపోయినదో లేదో మొదట చూడాలి. పేజీ పరిమాణాన్నీ గమనించాలి; ఆర్మ్, పవర్ యంత్రాలలో అది 64 కిలోబైట్లు కూడా కావచ్చు. తరువాత ‘కెమెమ్’ ఆదేశాన్ని పెద్దబడి ‘వి’తో ఇచ్చి మూల పద్దులను చూసి, అనుమానం కలిగించిన వరుసను చేతితో లెక్కకట్టాలి. చిన్నబడి ‘వి’ వేరే పని చేస్తుంది. స్లాబ్ వరుసను ‘కెమెమ్ -ఎస్’ ఇచ్చే వివరాలతో పోల్చవచ్చు. నడుస్తున్న యంత్రమైతే ‘/ప్రాక్/మెమ్‌ఇన్ఫో’ అందుబాటులో ఉంటుంది, అయితే రెండింటినీ చూసే వ్యవధిలోనే అంకెలు కదులుతుంటాయి.

ఇవన్నీ సరిపోయినా కొంత మెమొరీ ఏ వరుసలోనూ కనబడకపోవచ్చు. డ్రైవర్లు నేరుగా తీసుకున్న పేజీలకు ఈ పట్టికలో ప్రత్యేక పద్దు లేదు. అవి వాడిన మొత్తంలో మాత్రమే కలిసిపోయి ఉంటాయి.