జూరీ విచారణ – ఊరి పెద్దల పాత్ర



విశాఖపట్టణము ఫిషింగ్ హార్బరున మరబోట్ల సరంగులును, వలలు బాగుచేయు వృద్ధులును కూర్చున్న చోట నేనొక ప్రశ్నను పలుమారులు వింటిని: “ఖూనీ కేసుల్లో తీర్పు చెప్పడానికి పూర్వం మాలాంటి వాళ్ళని కోర్టులో కూర్చోబెట్టేవారట, నిజమేనా బాబూ?” ఈ మాట నిజమే. ఆ పద్ధతి ఎట్లు వచ్చెనో, ఎట్లు నడచెనో, ఏల పోయెనో మనవి చేసెదను.

పదిమంది కూడి తగవు తీర్చుట మనకు క్రొత్త గాదు. వల చిరిగినను, పాలు పంచుకొనుటలో తేడా వచ్చినను కులపెద్దలు ఇరువురి మాట విని సర్దుబాటు చేయుదురు. జూరీ అట్టిది కాదు. పంచాయతీ రాజీ కుదుర్చును. జూరీ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పవలెను: ముద్దాయి నేరము చేసినట్లు రుజువైనదా, లేదా?

మన దేశమున జరిగిన తొలి జూరీ విచారణలలో నొకటి 1665 లో చెన్నపట్టణపు సెయింట్ జార్జి కోటలో జరిగెను. అసెన్షియా డాస్ అను స్త్రీ తన బానిసపిల్లను చంపెనని అభియోగము. జూరీ ఆమెను నిర్దోషి యని విడిచిపెట్టెను. పిమ్మట మద్రాసు గవర్నరైన సర్ తామస్ మన్రో గ్రామపెద్దల వివేకమును నమ్మినవాడు. 1816 లో సివిలు తగవులకు గ్రామ పంచాయతీల రెగ్యులేషను ఏర్పడుటకు ఆయన కృషియే కారణము. ఆయన పత్తికొండలో కన్నుమూసిన 1827 లోనే, క్రిమినలు విచారణలలో దేశీయుల జూరీని క్రమముగా ప్రవేశపెట్టుటకు పదియవ రెగ్యులేషను వెలువడెను. అది ఆచరణలో వేరూనలేదు. 1861 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు, ఏ జిల్లాలో ఏ నేరములకు జూరీ ఉండవలెనో నిర్ణయించు అధికారమును ప్రభుత్వమునకిచ్చెను.

1898 నాటి కోడు ప్రకారము విచారణ ఎట్లుండునో చూడుడు. ఒక బోటుపై ఇద్దరు కళాసీలు కలహించి, ఒకడు మరణించెననుకొందము. జూరీ జాబితాలో ఇరువదియొకటి మొదలు అరువది యేండ్లలోపు పురుషులే ఉండిరి. వారిలో కొందరిని చీటీలు వేసి పిలుతురు. తగిన కారణము చూపి ముద్దాయి ఎవరినైనను వలదనవచ్చును. జూరీవారు తమలో నొకనిని పెద్దగా ఎన్నుకొందురు. సాక్షుల మాటలును, ఇరుపక్షముల వకీళ్ల వాదములును ముగిసిన పిమ్మట జడ్జి సాక్ష్యమును సంగ్రహించి, చట్టము తెలిపును. చట్టము జడ్జిది, జరిగినదేమో తేల్చుట జూరీది. ఆ యభిప్రాయము బొత్తిగా సరికాదని తోచినచో సెషన్సు జడ్జి హైకోర్టునకు నివేదించును. జూరీ లేనిచోట అసెసర్లు కూర్చుండిరి. కాని వారి మాటకు జడ్జి కట్టుబడ నక్కరలేదు. 1955 నాటి సవరణ చట్టము ఆ అసెసర్లను తొలగించెను.

ఈ జిల్లాలోనే మరియొక వింత కలదు. 1839 నాటి ఇరువదినాల్గవ చట్టము విశాఖపట్టణము, గంజాము జిల్లాల కొండప్రాంతములను సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తప్పించి, గవర్నరు ఏజెంటను పేర కలెక్టరుకు అప్పగించెను. పరిపాలించువాడే న్యాయాధికారియు నయ్యెను.

జూరీ ఏల పోయెను? జూరీ తన తీర్పునకు కారణము చెప్పదు. చుట్టరికము, కులము, ఊరి వదంతి లోపల పనిచేసెనేమో తెలిసికొను దారి లేదు. 1958 లో లా కమీషను జూరీని తీసివేయవలెనని సూచించెను. 1959 లో బొంబాయిలో నౌకాదళాధికారి నానావతి హత్యకేసున జూరీ ఎనిమిదిమంది నిర్దోషి యనగా ఒక్కడు దోషి యనెను. జడ్జి సమ్మతింపక హైకోర్టునకు పంపెను. హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించెను. 1961 లో సుప్రీముకోర్టు దానిని స్థిరపరచెను. 1973 నాటి క్రొత్త కోడులో జూరీకి తావు లేకపోయెను. అది 1974 ఏప్రిలు 1 న అమలులోనికి వచ్చెను. నేడు సెషన్సు జడ్జి ఒక్కడే తీర్పు చెప్పును. కాని కారణములు వ్రాసి చెప్పవలెను. పై కోర్టు వానిని పరీక్షింపగలదు. ఇది చిన్న లాభము కాదు.

అట్లని న్యాయమున మీ పాత్ర ముగియలేదు. సోదా జరుగునప్పుడు ఆ చోట నివసించు స్వతంత్రులు, గౌరవనీయులు ఇద్దరైనను ఉండవలెనని చట్టము. శవపంచనామాకును అట్లే పెద్దమనుష్యులు కావలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత ఈ నియమమును నిలుపుకొని, సోదాను దృశ్యశ్రవ్యముగా నమోదు చేయవలెననియు చెప్పెను. మధ్యవర్తులని పిలువబడువారు వీరే.

కాబట్టి పెద్దలారా, చేవ్రాలు చేయుమని కాగితము మీ ముందు పెట్టినప్పుడు, మొదట చదువుడు. కన్నులార చూచినదానికే చేవ్రాలు చేయుడు. చూడని కత్తిని చూచితినని ఒప్పుకొన్నచో ఒక నిరపరాధి చెరసాల పాలగును. చూచినదానిని కోర్టులో కాదన్నచో హంతకుడు మరల మీ వీధిలోనే తిరుగును. జూరీపీఠము మీనుండి తొలగినది గాని, సత్యము చెప్పు భారము తొలగలేదు.