తాత తెల్లకాగితం - మన బిజినెస్ రూల్స్

మొన్న లింగాల వెళ్ళినప్పుడు మా తాత పెట్టెలోంచి ఓ కాగితం తీశాడు. స్టాంపు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. అమ్మినాయన వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు, అంతే. సాదాబైనామా. "ఇది కంప్యూటర్ల ఎక్కుతదా బిడ్డా?" అని అడిగాడు. జావా చదివినోడికి ఇదీ తెలియాలి కదా మరి :)

మనం కోడ్‌లో దాచే బిజినెస్ రూల్స్ ఒకప్పుడు పట్వారీ బుర్రలో ఉండేవి (ఆయనేం ధర్మరాజు కాదులెండి). 1980ల్లో ఎన్టీఆర్ ఆ వ్యవస్థను రద్దు చేశాక రూల్సు చట్టంలో మిగిలాయి. 1971 ఆర్వోఆర్ చట్టానికి తర్వాత చేర్చిన 5-ఏ సెక్షన్ అలాంటిదే. తెల్లకాగితం మీద కొన్నా సరే, తహసీల్దారు విచారించి క్రమబద్ధం చేయొచ్చు. మన భాషలో ఎక్సెప్షన్ హ్యాండ్లర్ అన్నమాట.

1998లో రిజిస్ట్రేషన్ శాఖకి 'కార్డ్' వచ్చింది. మార్కెట్ విలువ, స్టాంపు డ్యూటీ.. అవి లెక్కలు కాబట్టి కంప్యూటర్‌కి బాగానే అబ్బాయి.

అసలు కథ 2020ది. పాత చట్టం పోయి కొత్తది వచ్చింది, అక్టోబర్ 29న ధరణి మొదలైంది. కొత్త చట్టంలో 5-ఏ లాంటిది లేదు. విచిత్రమేంటంటే, సరిగ్గా అదే రోజుల్లో, నవంబర్ 10 దాకా, ప్రభుత్వం సాదాబైనామా దరఖాస్తులు తీసుకుంది. దాదాపు 9 లక్షలు! ఇన్‌పుట్ ఉంది, దాన్ని నడిపే రూలే లేదు. కొత్త చట్టం వచ్చాక అందినవాటిని ముట్టుకోవద్దని హైకోర్టు ఆ నవంబర్లోనే చెప్పింది. ఇక పాస్‌బుక్‌లో తప్పులకేమో ఒక్కో రకానికి ఒక్కో మాడ్యూల్. మీ తప్పుకి మాడ్యూల్ లేకపోతే అది తప్పే కానట్టు.

నవ్వడం తేలికే గానీ నేనూ ఇదే చేశాను. ఒక క్లయింటు డిస్కౌంట్ రూల్‌ని స్టోర్డ్ ప్రొసీజర్‌లో పూడ్చిపెట్టి ప్రాజెక్టు మారిపోయాను. రూల్ మారిన రోజు అదెక్కడుందో ఎవరికీ దొరకలేదు. రూల్‌ని ప్రొసీజర్‌లో కలపొద్దని బిజినెస్ రూల్స్ మేనిఫెస్టో 2003లోనే చెప్పింది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో కూడా రూల్ పక్కనే రాసి ఉంటే, పాత రూల్ తీసేసేటప్పుడు దాని మీద ఆధారపడ్డ వాళ్ళెవరో ముందే కనబడేది.

2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతి చట్టం ఆ పాత దరఖాస్తులకి మళ్ళీ దారి తెరిచింది. 2014 జూన్ 2కి ముందు కొని ఉండాలి, 12 ఏళ్ళుగా భూమి చేతిలో ఉండాలి, 2020లో దరఖాస్తు పెట్టి ఉండాలి. మొదటి రెండిటికీ తాత పాస్. మూడోదానికి పెట్టాననే అంటున్నాడు. మీసేవ రసీదు కోసం ఇల్లంతా వెతుకుతున్నాం.